డ్రైవ్ పేలకముందే డీసీ బస్ కెపాసిటర్ల అరుగుదల కనిపెట్టడం

వీఎఫ్‌డీలో (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) త్వరగా ముసలివయ్యేవి డీసీ బస్ (ఏసీని డీసీగా మార్చాక అది చేరే లోపలి లైను) మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. లోపలి ద్రవం రబ్బరు సీలు గుండా ఏళ్ల తరబడి ఆవిరైపోతుంది. అది తగ్గేకొద్దీ ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) పెరుగుతుంది, రిపుల్ కరెంటుకు (డీసీలో మిగిలే హెచ్చుతగ్గుల కరెంటు) కెపాసిటర్ డబ్బా ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడికి మిగిలిన ద్రవమూ ఆరిపోతుంది. అందుకే చివర్లో ఒక్కసారిగా దిగజారుతుంది. డబ్బా వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు. రైస్ మిల్లు ప్యానెల్‌లో ఊక దుమ్ము పట్టిన ఫ్యాన్‌ను ముందు శుభ్రం చేయండి.

415 వోల్టుల డ్రైవ్‌లో బస్ దాదాపు 587 వోల్టులు. సప్లై తీసేసి, డ్రైవ్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, ప్లస్-మైనస్ మధ్యా, సిరీస్‌లోని ప్రతి డబ్బా మీదా మీటరు పెట్టి చూడాలి. ఛార్జ్ లైటు ఆరిందని చేయి పెట్టొద్దు.

వెంటు (లోపలి ఒత్తిడి బయటికి పోయే చోటు) దగ్గర గోధుమరంగు జిగురు, పైభాగం ఉబ్బు కనిపిస్తే కొలతతో పనిలేదు, మార్చేయాలి. బయటికి బాగానే ఉంటే బస్‌బార్ (కెపాసిటర్లను కలిపే లోహపు పట్టీ) విప్పి ఎల్‌సీఆర్ మీటరుతో (కెపాసిటన్స్, నిరోధం కొలిచేది) 100 లేదా 120 హెర్ట్జ్‌లో కెపాసిటన్స్, ఈఎస్ఆర్ తీయండి. పెద్ద డబ్బా ఈఎస్ఆర్ మిల్లీఓముల్లో ఉంటుంది కాబట్టి తీగల సొంత నిరోధం లెక్కలో చేరని నాలుగు తీగల కెల్విన్ క్లిప్పులే వాడాలి. చల్లగా ఉంటే ఈఎస్ఆర్ ఎక్కువ చూపిస్తుంది. ఏటా ఒకే ఉష్ణోగ్రతలో కొలవండి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: డబ్బా మీది అంకెతో పోల్చకూడదు. టాలరెన్స్ సాధారణంగా ±20 శాతం కాబట్టి 3300 అని రాసిన కొత్తది 2800 మైక్రోఫారడ్లు చూపినా ఆరోగ్యంగానే ఉన్నట్టు. కొత్తగా బిగించినప్పటి రీడింగే ప్రమాణం. దాన్నుంచి కెపాసిటన్స్ 20 శాతం పడిపోయినా, ఈఎస్ఆర్ రెట్టింపైనా మార్చాలి. ద్రవం లేని ప్లాస్టిక్ ఫిల్మ్ రకం కెపాసిటర్‌కైతే 5 శాతం తగ్గినా చాలు.

విప్పే వీలు లేకపోతే, బస్ పూర్తిగా ఖాళీ అయ్యాక బెంచ్ సప్లైతో, పొలారిటీ చూసుకుని, 30 వోల్టులకు ఛార్జ్ చేయండి. ఆ వోల్టేజీకి డ్రైవ్‌లోని ఎస్‌ఎంపీఎస్ (కంట్రోల్ బోర్డుకు కరెంటిచ్చే చిన్న సప్లై) మేల్కోదు. సప్లై తీసేసి 5 కిలోఓముల రెసిస్టర్ పెట్టి, 11 వోల్టులకు దిగే సమయం చూడండి. 1650 మైక్రోఫారడ్ల బ్యాంకుకు (కలిపి బిగించిన కెపాసిటర్ల గుంపు) దాదాపు 8.25 సెకన్లు పడుతుంది, 20 శాతం పోతే 6.6 సెకన్లే. బ్యాలెన్సింగ్ రెసిస్టర్ల (సిరీస్‌లోని కెపాసిటర్లకు వోల్టేజీ సమానంగా పంచేవి) వల్ల కొంచెం తగ్గుతుంది కాబట్టి, కొత్తప్పుడు ఇలాగే తీసిన సమయంతోనే పోల్చాలి. ఇందులో ఈఎస్ఆర్ తెలియదు.

మార్చేటప్పుడు బ్యాంకు మొత్తం మార్చండి. సిరీస్‌లో ఒక్కటే కొత్తది పెడితే వోల్టేజీ సమానంగా పంచుకోదు, కెపాసిటన్స్ తక్కువున్న పాతదాని మీదే ఎక్కువ పడుతుంది.