డ్యాష్‌క్యామ్ పెట్టించాక బ్యాటరీ డౌన్: నా అనుభవం

అమలాపురంలో ఓ షాపులో కారుకి డ్యాష్‌క్యామ్ (ముందున్న రోడ్డును రికార్డు చేసే కెమెరా) పెట్టించాను. మూడోరోజు పొద్దున్నే రావులపాలెం వెళ్దామంటే కారు కిక్కురుమనలేదు. "బ్యాటరీ పోయిందండి, మార్చేద్దాం" అన్నాడు మెకానిక్. నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఫ్యూజ్ బాక్స్ మూత తీస్తే తెలిసింది. తాళంచెవి తీసేసినా కరెంటుండే ఫ్యూజ్ కాలికి కెమెరా వైరు చుట్టి నొక్కేశారు, అంటే కారు ఆపినా కెమెరా బ్యాటరీని తాగేస్తూనే ఉంది. దానికి సొంత ఫ్యూజే లేదు! షార్టయితే వైరు మండేదే.

బ్యాటరీ నెగటివ్ ఊడదీసి ఆ వైరు పీకేశాను. మళ్లీ బిగించి, టెస్ట్ ల్యాంపుతో (కరెంటుంటే వెలిగే చిన్న దీపం) వెతికితే, తాళంచెవి తీయగానే కరెంటు ఆగిపోయేది సిగరెట్ లైటర్ ఫ్యూజ్, 15 ఆంప్స్. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజుల జోలికి పోలేదు. నెగటివ్ మళ్లీ తీసి, అక్కడ ఫ్యూజ్ ట్యాప్ (ఒక ఫ్యూజ్ చోట రెండు ఫ్యూజులు పట్టే హోల్డర్) పెట్టాను: కింద పాత 15, పైన కెమెరాకి 3 ఆంప్స్. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కాలు కరెంటు వచ్చే వైపే పడాలి. తిరగేస్తే కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజ్ మీదుగానే పోతుంది. నేను మొదట తిరగేసే పెట్టాను, అది వేరే సంగతి.

కెమెరా ఎర్త్ వైరు బిగించడానికి బాడీ బోల్టు దగ్గర తుప్పు గీకాల్సొచ్చింది. మా కోనసీమ తేమకి తుప్పు పట్టనిదేముంది! పాత బ్యాటరీనే ఛార్జింగ్ పెట్టించాను, ఇంకా దాంతోనే తిరుగుతున్నాను.