నల్లమలలో డ్రోన్ షూటింగ్: ఆపరేటర్‌ను కుదుర్చుకునే ముందు

నల్లమల పులుల అభయారణ్యంలో డ్రోన్ ఎగరేయడానికి పైలట్ లైసెన్సు ఒక్కటే చాలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. శ్రీశైలం వైపైతే ఆంధ్రప్రదేశ్ వార్డెన్, అమ్రాబాద్ వైపైతే తెలంగాణ వార్డెన్ ఇవ్వాలి. ఆ అనుమతి చేతికొచ్చేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

ఆపరేటర్‌ను డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిమోట్ పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ యూఐఎన్ (ప్రతి డ్రోన్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య), థర్డ్ పార్టీ బీమా చూపించమనండి. సర్టిఫికెట్‌లోని తరగతి డ్రోన్ బరువుకు సరిపోవాలి: 250 గ్రాములు దాటి 2 కిలోల దాకా మైక్రో, ఆపైన 25 కిలోల దాకా స్మాల్. డ్రోన్ మీది సీరియల్ నంబరును కాగితాల్లోని దానితో కూడా పోల్చండి. వేరే డ్రోన్ కాగితాలైతే ఇక్కడే బయటపడతాయి.

లోయల్లో కొండ అడ్డొస్తే సిగ్నల్ తెగి డ్రోన్ తనంతట వెనక్కి బయల్దేరుతుంది. ఆ తిరుగుదారి ఎత్తు చెట్లకంటే పైన పెట్టకపోతే కొమ్మల్లో చిక్కుకుంటుంది. గద్దలు చుట్టుముడితే వెంటనే దించాలని ఒప్పందంలో రాయించండి. గూళ్ల దగ్గరికి పోనిద్దామనే ఆపరేటర్‌ను అసలు పెట్టుకోవద్దు.