సమీకరణం కుదరడం లేదా? బ్యాలెన్స్ చేసే ముందే చూసుకోవాల్సినవి

పిల్లలు రసాయన సమీకరణం తప్పు రాస్తే మనం ఇచ్చే సలహా ఒకటే: "మళ్ళీ బ్యాలెన్స్ చెయ్." చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు, అంతకు ముందే జరిగిపోయి ఉంటుంది. పరీక్షనాళికలో ఏది నీళ్లలో కరిగి ఉంది, ఏది అడుక్కి దిగింది, ఏది వాయువుగా పోయింది అని చూడకుండానే పెన్ను పెట్టేస్తారు. ఇసకపల్లి ఉప్పు, కనిగిరి బోరు నీళ్లు మనకు అందుబాటులోవే కాబట్టి ఉదాహరణలు వాటితోనే ఇస్తున్నాను. పదార్థాలను ఇక్కడ పేర్లతో రాశాను, నోట్సులో సంకేతాలతో రాసుకోండి.

ఎన్ని అంకెలు మార్చినా రెండు వైపులా సమానం కావడం లేదు

కారణం: ఫార్ములాయే తప్పు. సున్నపు తేటకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపినప్పుడు వచ్చే కాల్షియం క్లోరైడ్‌లో ఒక కాల్షియంకు రెండు క్లోరిన్లు ఉండాలి. ఒక్కటే రాశారంటే రాత్రంతా కూర్చున్నా హైడ్రోజన్ల లెక్క తేలదు. మూడు నాలుగు ప్రయత్నాల్లో కుదరకపోతే గుణకాలను (ఫార్ములాకు ముందు పెట్టే అంకెలను) వదిలేసి సంయోజకతలు (ఏ మూలకం ఎన్నింటితో కలవగలదో) సరిచూడండి.

బ్యాలెన్స్ అయింది, అయినా మార్కు రాలేదు

ఫార్ములా లోపలి అంకె మార్చి ఉంటారు. ఆక్సిజన్ చాలలేదని హెచ్₂ఓ ను హెచ్₂ఓ₂ చేస్తే లెక్క సరిపోతుంది గానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. అంకె ఫార్ములాకు ముందు మాత్రమే పెట్టాలి.

అయానిక సమీకరణం రాశాక అన్నీ కొట్టుకుపోయాయి

ఎక్కువ మంది పడేది ఇక్కడే. నీళ్లలో కరిగిన పదార్థాలను ఆవేశమున్న కణాలుగా, అంటే అయాన్లుగా, విడగొట్టి రాసేదే అయానిక సమీకరణం. కల్లుప్పు నీళ్లలో సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లటి అవక్షేపం (కరగకుండా అడుక్కి దిగే ఘనం) కళ్ళ ముందే కనిపిస్తుంది. పేపరు మీద మాత్రం సిల్వర్⁺, క్లోరైడ్⁻, సోడియం⁺, నైట్రేట్⁻ అని నాలుగింటినీ రెండు వైపులా రాసి, అన్నీ ప్రేక్షక అయాన్లే (చర్యలో పాల్గొనకుండా రెండు వైపులా అలాగే ఉండేవే) అని కొట్టేస్తారు. కారణం, అడుక్కి దిగిన సిల్వర్ క్లోరైడ్‌ను కూడా అయాన్లుగా విడగొట్టడం. సరైనది ఇది:

సిల్వర్⁺ + క్లోరైడ్⁻ → సిల్వర్ క్లోరైడ్ (ఘన)

విడగొట్టాల్సింది నీళ్లలో కరిగి, అయాన్లుగా విడిపోయి ఉన్నవాటినే. సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు, నైట్రేట్లు అన్నీ కరుగుతాయి. క్లోరైడ్లలో సిల్వర్, లెడ్ మొండివి. సల్ఫేట్లలో బేరియం, లెడ్. కార్బొనేట్లు, మొదట చెప్పిన మూడూ తప్ప, దాదాపు కరగవు. నీటిని, వాయువులను, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం లాంటి బలహీన ఆమ్లాలను విడగొట్టకూడదు. ఇంతవరకు బట్టీ పట్టక తప్పదు, నాకు వేరే దారి తెలియదు.

అదే కల్లుప్పు నీళ్లను ఇంకో నాళికలో తీసుకుని బేరియం క్లోరైడ్ వేస్తే, మళ్ళీ తెల్లదనమే వస్తుంది. సముద్రపు ఉప్పులో మిగిలిన సల్ఫేట్ పని అది: బేరియం²⁺ + సల్ఫేట్²⁻ → బేరియం సల్ఫేట్. చూడ్డానికి రెండూ ఒకటే, సమీకరణాలు వేరు. మొదటిది అమ్మోనియాలో కరుగుతుంది, రెండోది కరగదు. బేరియం లవణాలు విషం, సిల్వర్ నైట్రేట్ పడితే వేళ్ళు నల్లబడతాయి. రెండూ టీచరు చేతిలోనే ఉండనివ్వండి.

ఒక్కోసారి అన్నీ కొట్టుకుపోవడమే సరైన జవాబు. ఉప్పు నీళ్లు, పొటాషియం నైట్రేట్ ద్రావణం కలిపితే ఏమీ జరగదు. టెన్షన్ పడకుండా "చర్య జరగదు" అని రాయండి. దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు బేరియం హైడ్రాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం. అవక్షేపం, నీరు రెండూ ఏర్పడతాయి కాబట్టి కొట్టేయడానికి ఒక్క అయానూ దొరకదు. సగం మంది అవక్షేపం ఒక్కటే రాసి నీటిని మర్చిపోతారు.

పరమాణువులు సరిపోయాయి, అయినా తప్పన్నారు

విద్యుదావేశం (+, − గుర్తుల లెక్క) చూడలేదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో అల్యూమినియం రేకు వేసిన ప్రశ్నకు ఇలా రాస్తారు: అల్యూమినియం + కాపర్²⁺ → అల్యూమినియం³⁺ + కాపర్. ఎడమవైపు +2, కుడివైపు +3. అల్యూమినియం ఇచ్చే ఎలక్ట్రాన్లు మూడు, కాపర్ తీసుకునేవి రెండు, కలిసేది ఆరు దగ్గర:

2 అల్యూమినియం + 3 కాపర్²⁺ → 2 అల్యూమినియం³⁺ + 3 కాపర్

ల్యాబులో ఈ రేకు చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది, పైన ఆక్సైడ్ పొర ఉంటుంది కాబట్టి. చిటికెడు ఉప్పు వేస్తే క్లోరైడ్ ఆ పొరను దెబ్బతీసి చర్య ఊపందుకుంటుంది. అయినా సమీకరణంలో క్లోరైడ్ పేరు రాదు.

బైకార్బొనేట్ పక్కన "ఘన" అని రాశారు

కనిగిరి వైపు చాలా బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అది కాల్షియం బైకార్బొనేట్ అనుకుంటారు. అది ద్రావణంలోనే ఉంటుంది, ఎండబెట్టి సీసాలో పోయలేం. గిన్నెకు పట్టేది ప్రధానంగా కార్బొనేట్:

కాల్షియం²⁺ + 2 బైకార్బొనేట్⁻ → కాల్షియం కార్బొనేట్ (ఘన) + నీరు + కార్బన్ డయాక్సైడ్

కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది కాబట్టి, "మరి ఫ్లోరైడ్ ఎక్కడికి పోయింది సార్?" అని ఆ ఊళ్ళ పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఈ చర్యలో అది ప్రేక్షక అయాను. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ కొద్ది మోతాదుల్లో అది కాల్షియంతో కలిసి అడుక్కి దిగదు. నీళ్లు మరిగించినా అలాగే ఉంటుంది, ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది కూడా.