ఇంట్లో పేషెంటుకు ఆక్సిజన్ పెట్టడం ఎలా?

మా నాయన పాలమూరు నుంచి వలసపోయి ఏండ్ల తరబడి రాళ్ల క్రషర్ల దగ్గర పనిచేసిన మనిషి. ఆ దుమ్ముకు తోడు బీడీలు. చివరికి సీఓపీడీ అని తేలింది, అంటే ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకైపోయి ఊపిరాడని జబ్బు, ఇంట్లో ఆక్సిజన్ పెట్టమన్నారు. మొదటి నెలలోనే నేను పెద్ద తప్పు చేశాను. ఒక రాత్రి ఆయన ఎగపోస్తుంటే చూడలేక, 2 లీటర్ల దగ్గరున్న మీటరును 5కు తిప్పేశాను. తెల్లారి లేపితే సరిగ్గా లేవలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. 108లో ఆసుపత్రికి తీసుకుపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయిందన్నారు. ప్రాణం దక్కింది. ఆక్సిజన్ గాలి కదా, ఎక్కువైతే ఏమవుతుంది అనుకున్నాను. అది మందు. మందుకు ఉన్నట్టే దానికీ డోసు ఉంటుంది.

అందుకే ఏ మిషన్ కొనాలి అని అడిగే ముందు, డాక్టరుతో మూడు సంగతులు చీటీ మీద రాయించుకోండి. నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు, ఆక్సీమీటర్‌లో, అంటే వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే మిషన్‌లో, ఎంత ఉండాలి. చాలామంది పేషెంట్లకు 94 నుంచి 98 మధ్య ఉండాలంటారు. సీఓపీడీ వాళ్లకు మాత్రం 88 నుంచి 92 చాలు. పాతబడిన జబ్బుకు ఇంట్లో ఆక్సిజన్ రాస్తే సాధారణంగా రోజుకు కనీసం 15 గంటలు పెట్టమంటారు. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టి తీసేస్తే దాని ఫలితం రాదు.

ఇన్ని గంటలు వాడాలంటే కాన్‌సెంట్రేటర్ మేలు. అది గదిలోని గాలిలోంచి నైట్రోజన్‌ను పట్టేసుకుని, దాదాపు 93 శాతం ఆక్సిజన్ ఇస్తుంది. గోడకు ఒక అడుగు దూరంగా, గాలి ఆడే చోట పెట్టండి. వెనకాల ఉండే స్పాంజి ఫిల్టర్‌ను వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. మన దగ్గర అసలు ఇబ్బంది ఎండ, కరెంటు. ఈ మిషన్లు సాధారణంగా 40 డిగ్రీల వేడి వరకే సరిగ్గా పనిచేస్తాయి. నల్గొండ ఎండాకాలంలో రేకుల ఇంట్లో ఆ వేడి ఇట్టే దాటుతుంది, కాబట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో ఉంచండి. ఊర్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే ఓల్టేజీ పడిపోతుంది, స్టెబిలైజర్ తప్పనిసరి. 5 లీటర్ల మిషన్‌కు 300 నుంచి 400 వాట్ల కరెంటు కావాలి. ఫ్యాను, లైటు కోసం పెట్టుకున్న ఇన్వర్టర్ దీన్ని ఎక్కువసేపు మోయలేదు.

కరెంటు పోయిన వేళకు చిన్న బి టైపు సిలిండర్ ఒకటి ఉండాలి. నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండున్నర గంటలు వస్తుంది. గేజీ సగానికి వచ్చిందంటే సమయమూ సగమే. సిలిండర్‌ను పడిపోకుండా నిలబెట్టి గొలుసుతో కట్టండి. రెగ్యులేటర్ బిగించే ముందు, మూతి మనుషుల వైపు లేకుండా చూసుకుని, వాల్వును ఒక్క క్షణం తెరిచి మూయండి, దుమ్ము పోతుంది. వాషర్ ఉందో లేదో చూసి బిగించండి. మీటరు మూసి ఉంచి, వాల్వును మెల్లగా తిప్పండి. సబ్బు నురగ పూస్తే లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి.

ఆక్సిజన్‌కు తేమ పట్టించే హ్యూమిడిఫయర్ బాటిల్‌లో డిస్టిల్డ్ వాటర్ గానీ, కాచి చల్లార్చిన నీళ్లు గానీ రెండు గీతల మధ్యకు పోయండి. ఆ నీళ్లు రోజూ మార్చాలి. బోరు నీళ్లు నేరుగా పోయొద్దు. మీటరులోని గుండు నడిమి భాగం ఏ గీత దగ్గరుందో అదే లెక్క. కొలత కంటికి సమానంగా పెట్టి చూడండి.

ఇక ముక్కుకు పెట్టేది. 1 నుంచి 6 లీటర్ల వరకు నేసల్ క్యాన్యులా సరిపోతుంది. రెండు చిన్న గొట్టాల వంపు కిందికి ఉండేలా ముక్కులో పెట్టి, పైపును చెవుల మీదుగా తిప్పి, గడ్డం కింద బిగించండి. చెవుల వెనక ఒరుసుకుని పుండ్లు పడతాయి, అక్కడ కాస్త దూది పెట్టండి. పెట్టుకునే తిని, మాట్లాడొచ్చు. మామూలు ఫేస్ మాస్కుకు 5 లీటర్ల కన్నా తగ్గకూడదు, తగ్గితే వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటారు. సంచి ఉన్న మాస్కుకు 10 నుంచి 15 లీటర్లు కావాలి, పెట్టే ముందు సంచి నిండాలి. అది అత్యవసరానికి, ఆసుపత్రికి సంబంధించింది. వెంచురి మాస్కు అని ఇంకొకటి ఉంది. రంగును బట్టి 24, 28 ఇలా కచ్చితమైన శాతం ఇస్తుంది కాబట్టి నాయన లాంటి వాళ్లకు ఆసుపత్రిలో అదే పెడతారు.

ఆక్సీమీటర్ పెట్టే వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ లేకుండా చూసుకోండి. వేలు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచి, అంకె నిలకడగా ఆగేదాకా ఉండండి.

నిప్పు సంగతి గట్టిగా చెబుతున్నాను. ఆక్సిజన్ తానుగా మండదు, కానీ మండేదాన్ని భగ్గుమనిపిస్తుంది. బట్టల్లో, దుప్పట్లోనూ నిలిచి ఉంటుంది. బీడీ, దీపం, అగర్‌బత్తి ఆ గదిలోకి రాకూడదు. పొయ్యి కనీసం పది అడుగుల దూరం. నూనె చేతులతో రెగ్యులేటర్ ముట్టొద్దు. ముక్కు ఆరిపోతోందని కొబ్బరినూనె, వ్యాజిలిన్ పూయొద్దు, నీటితో చేసిన జెల్ ఏదో మందుల షాపులో అడగండి. వాడనప్పుడు ఆపేయండి.

పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా, పొద్దున్నే తలనొప్పి అంటూ తికమకగా మాట్లాడినా, చెప్పిన అంకె కన్నా కిందికి పోయి పైకి రాకపోయినా 108కి ఫోన్ చేయండి. ఈలోగా పైపు ఎక్కడైనా నలిగిందా, ఊడిందా చూడండి. బండి వచ్చేదాకా మనిషిని కూర్చోబెట్టి ముందుకు వాలనివ్వండి, డాక్టర్ రాసిన లీటర్లే నడపండి. వచ్చినవాళ్లకు సీఓపీడీ ఉందని మొదటి మాటగా చెప్పండి. మేము ఆ చీటీని మిషన్ మీదే అతికించాం, రాత్రిపూట ఎవరు లేచినా ‘2 లీటర్లు, 88 నుంచి 92’ అని కనబడేలా.