రాయలవారి కబాయి కుట్టేముందు: పాత పట్టుతో జాగ్రత్తలు

దసరాకు బడి వేదిక మీదో, వీధి పందిట్లోనో శ్రీకృష్ణదేవరాయల సభను నాటకంగా వేయాలనుకునేవాళ్లకు, రాజు తొడుక్కునే కబాయి అనే పొడవాటి అంగీ కోసం వినాయక చవితి నాటికే బట్ట చేతిలో ఉండాలి. చవితికీ విజయదశమికీ మధ్య ఉండేది దాదాపు 36 రోజులు. అందులో మొదటి రెండు వారాలు కత్తెర ముట్టుకోకూడదన్నది నా లెక్క. కొత్త బట్టకు ఇంత గడువు అక్కర్లేదు. మనం కొనబోయేది ఎవరి పెట్టెలోనో ఇరవై ముప్పై ఏళ్లు మడతల్లో పడి ఉన్న పట్టుచీర. పైగా ఇది వానల కాలం.

ముందు ఏం కుట్టాలో తేల్చుకుంటేనే ఏం కొనాలో తెలుస్తుంది. మన వేదికల మీద ప్రతి రాజుకూ ఎర్ర మఖమలు అంగీ, అట్ట కిరీటం తొడిగేస్తారు. తిరుమల ఆలయంలో దేవేరులతో చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయల విగ్రహాన్ని గమనించండి. తల మీద ఉన్నది కిరీటం కాదు, పొడవాటి కుళ్లాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో మగవాళ్లకూ అదే టోపీ, ఒంటికి నిడుపాటి అంగీ. దాన్నే కబాయి అన్నారు. రాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాజు ఒంటి మీద చూసినవి బంగారు పూలు కుట్టిన తెల్లని బట్టలు, మెడలో వజ్రాల నగ, తలకు జరీ టోపీ. కాళ్లకు మాత్రం ఏమీ లేవు, కాబట్టి మనకు చెప్పుల ఖర్చు తప్పింది. కుళ్లాయి రాయలకు ముందునుంచీ ఉన్నదే. కర్ణాట రాజసభ కోసం కుళ్లాయి పెట్టి, పెద్ద కూర్పాసం (అంగీ) తొడుక్కోవలసి వచ్చిందని వాపోయే చాటువు శ్రీనాథుడి పేరనే ప్రసిద్ధం. అంచేత వెతకవలసింది జరీ బుటాలున్న తెల్లని లేదా మీగడ రంగు పట్టుచీర ఒకటి, టోపీకి బరువైన జరీ కొంగు ఒకటి.

హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, మరో చోట అయితే పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్ల మూట. ఎక్కడ కొన్నా అంచు చిరిగినదో, నూనె మరక పడినదో కొనండి. చెక్కుచెదరని పాత చీర దొరికితే, కోసేముందు నేత తెలిసినవారికి చూపించండి. పాతకాలపు అసలు జరీ అంటే పట్టు దారం మీద వెండి తీగ చుట్టి, బంగారు పూత పూసినది. ఆ వెండి కోసమే పాత చీరలు కొని కాల్చేవాళ్లున్నారు. ఒక్క రాత్రి నాటకానికి అలాంటి చీరను ముక్కలు చేస్తే నాటకం బాగా ఆడినా మనసు బాగుండదు.

అసలు ప్రమాదం మడతల్లో ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే గీత మీద మడిచిన పట్టు అక్కడే పగులుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూడండి, మడత గీత వెంట సన్నని వెలుగు చుక్కలు కనిపిస్తే ఆ భాగం వదిలేయాలి. తర్వాత రెండు బొటనవేళ్లతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా లాగండి. చిటుక్కుమన్నా, దారాలు పక్కకు జరిగినా అది కుట్టుకు ఆగదు. నేను కుట్టిన మొదటి కబాయికి ఈ పరీక్ష చేయలేదు. రెండో అంకంలో రాయలవారు కత్తి ఎత్తగానే చంక నుంచి మోచేతి దాకా చెయ్యి విచ్చుకుంది. కుట్టు ఊడలేదు, కుట్టు పక్కన బట్టే చీలిపోయింది. పాపం నటుడు మిగతా పద్యాలన్నీ చెయ్యి ఒంటికి అదుముకునే పాడాడు. జనం అది రాజసమే అనుకున్నారు.

చీరలో ఏ భాగం నమ్మదగినదో కట్టుకున్నవాళ్లకు తెలుసు. నడుము దగ్గర లోపలికి దోపే కొస ఎండా వెలుతురూ ఎరగదు. కింది అంచు పాదాల రాపిడికి అరిగి ఉంటుంది. ఫాల్ కుట్టి ఉంటే విప్పి దాని వెనక చూడండి, చీర అసలు రంగు అక్కడ దొరుకుతుంది. మిగతా చీర ఎంత వెలిసిందో అప్పుడు తెలుస్తుంది. చేతులు, చంకలు, భుజాలు లోపలి కొస నుంచి తీసి, అరిగిన భాగాన్ని అంగీ కింద వెడల్పుగా పరుచుకునే ఘేరుకు వాడుకుంటే సరిపోతుంది.

కొన్న చీరను తిన్నగా ఇంట్లో బీరువాలో పెట్టకండి. పురుగు ఉంటే మీ చీరలకూ పాకుతుంది. ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, రెండు వారాలు ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక సంచి మామూలు వేడికి వచ్చేదాకా విప్పవద్దు, విప్పితే బట్ట మీద చెమ్మ పడుతుంది. బూజు పట్టి ఉంటే మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తని కుంచెతో దులపాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది. చీరను నీడలో ఆరేయండి, తీవ్రమైన ఎండకు పట్టు పెళుసవుతుంది.

ఇక కలరా ఉండలు. పాత పెట్టెలోంచి వచ్చిన చీర ఆ వాసన కొడుతూనే వస్తుంది. వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరేయాలి, ముఖ్యంగా పిల్లలకు తొడిగేదయితే. జి6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లలో ఆ మందు వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నం కావచ్చు. మంచిదే కదా అని కలరా ఉండలతో పాటు కర్పూరం కూడా పెట్టేవాళ్లున్నారు. ఆ రెండూ తగిలితే కరిగి ముద్దయి బట్టకు మరకలు పడతాయి.

తెల్ల పట్టు పసుపెక్కి ఉందని బ్లీచింగ్ వేయాలనిపిస్తుంది. దయచేసి వేయకండి. క్లోరిన్ బ్లీచ్ పట్టును తెల్లబరచదు, తినేస్తుంది. మరకలు తీసే ఎంజైములున్న సబ్బు పొడులూ పట్టుకు పనికిరావు, పట్టు కూడా మాంసకృత్తే కదా. ఉతకక తప్పకపోతే ముందు తడి తెల్ల గుడ్డను చీరలో ఒక మూల అదిమి చూడండి. జరీ లోపలి దారానికి ఎర్ర రంగు వేసే అలవాటుంది. అది తెల్ల బట్టలోకి దిగితే మళ్లీ తీయలేరు. పసుపు రంగు అలాగే ఉంటే వచ్చే నష్టమేమీ లేదు, వేదిక దీపాల కింద అది మీగడలాగే కనిపిస్తుంది.

పట్టు అని అమ్మినదల్లా పట్టు కాదు. అంచు నుంచి ఒక దారం లాగి, పట్టకారుతో పట్టుకుని నీళ్ల పళ్లెం మీద వెలిగించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. హారతి, దివిటీ ఉన్న నాటకంలో ఈ తేడా చాలా ముఖ్యం, కరిగిన పాలిస్టర్ ఒంటికి అతుక్కుంటుంది. అందుకే నేను అస్తరుకు కూడా నూలు తప్ప ఇంకేదీ వాడను. దివిటీ పట్టుకునేవాడి అంగీ చేతులు కురచగా ఉండాలి, తెర పక్కన నీళ్ల బకెట్ ఉండాలి. ఒకవేళ కాలితే ఆ చోట 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి, అతుక్కున్న బట్టను పీకకండి.

కుట్టేటప్పుడు బరువంతా పాత పట్టు మీద పడకూడదు. ప్రతి ముక్కనూ అదే కొలతకు కోసిన మెత్తని నూలు గుడ్డ మీద పరచి, చుట్టూ కచ్చా కుట్టు వేసి, ఆ రెంటినీ ఒకే బట్టగా చూసుకుంటూ కుట్టండి. కుట్టు మరీ దగ్గరగా వేస్తే తపాలా బిళ్లల చిల్లుల్లా బట్ట ఆ వరస వెంటే చిరుగుతుంది. సూది కొత్తది, 11 నంబరు చాలు. జరీ మీద సూది తొందరగా మొద్దుబారుతుంది, విరిగి ఎగిరినా ఎగురుతుంది, కాబట్టి కుళ్లాయి కుట్టేటప్పుడు కళ్లజోడు తీయవద్దు. గుండు సూదులు కుట్టు వదిలిన అంచులోనే గుచ్చండి, నడిమి బట్టలో గుచ్చితే చిల్లు మిగిలిపోతుంది. డబ్బాలోంచి ఎన్ని తీశారో కాగితం మీద రాసిపెట్టుకుని, అన్నీ తిరిగి వచ్చాకే నటుడికి తొడగండి. ఇస్త్రీ చేసేటప్పుడు పట్టు మీద పల్చని గుడ్డ పరచి, నీళ్లు చిలకరించకుండా చేయాలి.

కుళ్లాయికి లోపల బక్రం, అంటే కాలర్లలో వేసే బిరుసు గుడ్డ, పెట్టండి. అట్ట పెడితే మూడో పద్యానికే చెమటకు మెత్తబడి కూలబడుతుంది. నుదురు తగిలే చోట నూలు పట్టీ తప్పనిసరి. పాత ఇత్తడి నగలకు పట్టిన చిలుము పట్టుకూ చర్మానికీ పచ్చ మరక చేస్తుంది. చింతపండుతో తోమి, కడిగి, పూర్తిగా ఆరాకే వాడండి. వాటి వెనక కొక్కేలు బట్టను చీరేస్తాయి, అందుకని వెనక వైపు గుడ్డ అతికి కుట్టాలి.

నాటకం అయ్యాక ఎంత అలసిపోయినా చెమట తడితో మడవకండి. ఆ రాత్రే కబాయిని తిరగేసి, మంచం మీద వెడల్పుగా పరిచి ఆరనివ్వండి. తర్వాత పాత నూలు చీరలో చుట్టగా చుట్టి దాచాలి, మడత మాత్రం వద్దు. కుళ్లాయిని చెంబు మీద బోర్లిస్తే వంగదు. మా ఇంట్లో ఒక రాగి చెంబు కిందటి దసరా నుంచీ రాయలవారి కొలువులోనే ఉంది.