కొత్త తాళం కారుకి ఎక్కట్లేదా? చిప్ మార్చేముందు బ్యాటరీ టెర్మినల్ చూడండి

ముందు రెండో తాళం పెట్టి చూడండి. బీరువాలో ఉంటుంది, ఎవరూ తియ్యరు. దాంతో బండి లేస్తే లోపం మొదటి తాళంలో, దాంతోనూ లేవకపోతే చాలావరకు లోపం బండిలో. శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇది చెయ్యకుండానే "ఏటో ప్రోగ్రామింగ్ పోయింది బాబూ" (బండికి తాళం కోడ్ నేర్పడమే ప్రోగ్రామింగ్) అని తేల్చేసుకుని వస్తారు.

డోర్లు తెరుచుకుంటున్నాయి, ఇంజన్ లేవట్లేదు

సెల్ఫ్ తిరుగుతుంది, లేదా బండి అంటుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది, మీటర్ బోర్డులో తాళం బొమ్మ లైటు కొట్టుకుంటుంది. రిమోట్ సెల్ మార్చి లాభం లేదు. డోర్లు తీసే రిమోట్ వేరు, ఇంజన్ లేవడానికి బండి గుర్తుపట్టే చిప్ వేరు. చిప్‌కి సెల్ అక్కర్లేదు, ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ రింగే దానికి శక్తినిచ్చి కోడ్ చదువుకుంటుంది. ఈమధ్య కీ కవర్ మార్పించి ఉంటే పాత కవర్ విప్పి చూడండి. చింతగింజంత నల్లటి ముక్కో, సన్నటి గాజు గొట్టమో అందులోనే ఉండిపోయి ఉండొచ్చు. చిప్ అదే. తాళాలగుత్తిలో వేరే కారు తాళం ఉంటే అదీ తీసెయ్యండి.

ఇంజన్ లేస్తోంది, డోర్లు తెరుచుకోవు

రిమోట్ సెల్ అయిపోయి ఉంటుంది. చాలా తాళాల్లో సిఆర్ 2032, లేకపోతే పాతదాని మీద నంబరు ఉంటుంది. మార్చినా పని చెయ్యకపోతే లైటర్ సాకెట్‌లో ఉన్న చవక మొబైల్ చార్జర్ పీకి చూడండి.

ప్రోగ్రామింగ్ సగంలో ఆగిపోతోంది

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. స్కానర్ బండి పిన్ కోడ్ తీసుకుంటుంది, తాళం నేర్పడం మొదలెడుతుంది, ఫెయిల్ అంటుంది. చిప్ మారుస్తారు, మళ్లీ ఫెయిల్. చాలా బళ్లు ముందు పాత తాళాలన్నీ చెరిపేసి, ఆ తర్వాతే కొత్తవి రాసుకుంటాయి. అందుకని మధ్యలో తెగితే అప్పటిదాకా పనిచేసిన తాళం కూడా పోతుంది.

అసలు దొంగ చాలాసార్లు బ్యాటరీ టెర్మినలే. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ 12.5 వోల్టులు చూపిస్తుంది, అందరూ అక్కడే మోసపోతారు. లైట్లలాంటి లోడ్ లేనప్పుడు నీరసపడ్డ బ్యాటరీ కూడా చాలాసార్లు బాగానే కనబడుతుంది. ఓనరు హైదరాబాద్‌లో, బండి ఊళ్లో. సంక్రాంతికి తప్ప కవర్ తియ్యరు. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు బళ్లకైతే ఉప్పుగాలి తోడు. టెర్మినల్ పైన మెరుస్తూనే ఉంటుంది, దానికి వైరు బిగించే క్లాంప్ లోపల మాత్రం తెల్లగా, ఆకుపచ్చగా పొడి.

పరీక్ష ఇలా. ఇగ్నిషన్, హెడ్‌లైట్లు ఆన్ చెయ్యండి. మీటర్ ఒక పిన్ను బ్యాటరీ సీసం బొడిపె నడిమధ్యలో, రెండోది దానికి బిగించిన క్లాంప్ మీద పెట్టండి. రెండూ ఆనుకునే ఉన్నాయి కాబట్టి దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. నెగటివ్ వైపు కూడా అలాగే చూసి, అక్కడి నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు బోల్టు కూడా చూడండి, అది తుప్పు పట్టినా ఇదే కథ.

ముందు నెగటివ్ విప్పండి, ఆ తర్వాత పాజిటివ్. గరుకు కాగితంతో క్లాంప్ లోపలి వైపు సీసం మెరిసేదాకా గీకండి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. బిగించాకే వ్యాజలీన్ రాయండి, ముందే రాసేవాళ్లతో వేగలేం.

తర్వాత ఏసీ బ్లోవర్, లైట్లు, స్టీరియో కట్టేసి, పక్కన మంచి బ్యాటరీ ఒకటి జంపర్ కేబుల్‌తో కలిపి ప్రోగ్రామింగ్ మొదలెట్టండి. పక్క బండి ఇంజన్ నడుపుతూ మాత్రం కలపొద్దు. ఇంట్లో ఉన్న తాళాలన్నీ అప్పుడే తెచ్చుకోండి, తేనిది పనిచెయ్యదు.

ఇంకా రాకపోతే

పాత బండి నుంచి తీసిన చిప్ అయితే చాలా రకాలు లాక్ అయిపోయి ఉంటాయి, కొత్తది కొనండి. కాయిల్ రింగు పోవడం అరుదు, స్టీరియో బిగించినప్పుడు ఆ రింగు ప్లగ్ వదులవడం కాస్త ఎక్కువ. చిప్ కోడ్ సరిచూసే ఇమ్మొబిలైజర్ బాక్సు పోవడం ఇంకా అరుదు. 2018 తిత్లి తుఫానులోలాగా నీళ్లలో మునిగిన బండైతేనే దాన్ని అనుమానించండి. ఎక్కడికెళ్లినా ఆర్సీ, ఆధార్ పట్టుకెళ్లండి. అవి అడక్కుండా తాళం చేసేవాడి దగ్గర చేయించకండి.