ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్, 4వ పాఠం: రీట్రై పెడితే ఇన్‌వాయిస్‌లు ఎందుకు పెరుగుతాయి?

గత పాఠంలో కట్టిన అపాచీ క్యామెల్ (సిస్టమ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సాఫ్ట్‌వేర్) రూట్‌ను ఇప్పుడు కావాలని చెడగొడదాం. క్యూలోంచి ఆర్డర్ తీసుకుని, ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను జేసన్‌గా మార్చి, బిల్లింగ్ సిస్టమ్‌కు హెచ్‌టీటీపీ పోస్ట్ పంపే రూట్ అది. బిల్లింగ్ సర్వర్ ఆపేసి ఒక ఆర్డర్ క్యూలో వేయండి. క్యామెల్ ఒక్కసారి కూడా మళ్ళీ ప్రయత్నించదు. మనం చెప్పనంతవరకూ రీడెలివరీల (మళ్ళీ పంపే ప్రయత్నాల) సంఖ్య సున్నాయే. పైగా రూట్ ట్రాన్సాక్టెడ్ (పని విఫలమైతే మెసేజ్ తిరిగి క్యూలోకి వెళ్ళే ఏర్పాటు) కాకపోతే ఆ మెసేజ్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

కాబట్టి డెడ్ లెటర్ చానెల్ పెట్టండి: కొన్నిసార్లు మళ్ళీ ప్రయత్నించి, అప్పటికీ కుదరని మెసేజ్‌ను డెడ్ లెటర్ క్యూ అనే వేరే క్యూలో దాస్తుంది. రీడెలివరీలు 5, మొదటి విరామం 2000 మిల్లీసెకన్లు (డిఫాల్ట్ 1000), ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ (ప్రతిసారీ విరామాన్ని గుణించి పెంచడం) ఆన్, గుణకం 2. విరామాలు వరుసగా 2, 4, 8, 16, 32 సెకన్లు, మొత్తం 62. ఈ సమయమంతా కన్స్యూమర్ (క్యూలోంచి మెసేజ్‌లు తీసుకునే) థ్రెడ్ ఖాళీగా కూర్చుంటుంది. కన్స్యూమర్ ఒక్కటే అయితే వెనకున్న ఆర్డర్లన్నీ నిమిషం పైగా ఆగుతాయి. అందుకే రీడెలివరీలను ఉదారంగా 20, 30 అని పెట్టకండి.

ఏ ఎర్రర్‌కు రీట్రై అన్నది అంతకన్నా ముఖ్యం. 503 (సర్వర్ ప్రస్తుతం అందుబాటులో లేదు) వస్తే కాసేపాగి అడగడంలో అర్థముంది. 400 వస్తే మెసేజ్‌లోనే తప్పుంది, వందసార్లు పంపినా అదే జవాబు. ఆన్ ఎక్సెప్షన్‌లో (ఎర్రర్ వస్తే ఏం చేయాలో చెప్పే చోట) స్టేటస్ కోడ్ చూసి, 4xx కోడ్‌లకు రీడెలివరీ సున్నా చేయండి. 408 (టైమౌట్), 429 (మరీ ఎక్కువ రిక్వెస్ట్‌లు) మాత్రం మినహాయింపు.

ఇంకో చిన్న మెలిక. ఫెయిలైన మెసేజ్ డెడ్ లెటర్ క్యూలోకి జేసన్‌గా వెళ్తుంది, ఎందుకంటే అప్పటికే మార్పిడి అయిపోయింది. దాన్ని తెచ్చి మొదటి క్యూలో వేస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సర్ దగ్గర మళ్ళీ పడిపోతుంది. 'యూజ్ ఒరిజినల్ మెసేజ్' ఆన్ చేస్తే వచ్చినది వచ్చినట్టే దాస్తుంది.

ఇక అసలు సంగతి. ఆర్డర్ 1047 పోస్ట్ అయింది, బిల్లింగ్ ఇన్‌వాయిస్ రాసి కమిట్ చేసింది, జవాబు మాత్రం 30 సెకన్ల టైమౌట్ లోపు రాలేదు. మన రూట్‌కు అది ఫెయిల్యూరే. మళ్ళీ పంపింది, రెండో ఇన్‌వాయిస్ పడింది.

'దీనికే కదా ఐడెంపొటెంట్ కన్స్యూమర్ ఉంది' అనిపిస్తుంది. ఒకసారి చూసిన కీతో మెసేజ్ మళ్ళీ వస్తే దాన్ని వదిలేసే క్యామెల్ భాగం అది. కానీ అది ఇక్కడ కాపాడదు. క్యామెల్ రీట్రై రూట్ మొదటినుంచి జరగదు, ఫెయిలైన అడుగు దగ్గరే జరుగుతుంది. డూప్లికేట్‌ను పట్టే గేటు అప్పటికే దాటేశాం, దాని లోపలే తిరుగుతున్నాం. ఆ గేటు ఆపేది, పంపినవాళ్ళు అదే ఆర్డర్‌ను క్యూలో రెండోసారి వేస్తే. అక్కడ కూడా కీగా జేఎమ్‌ఎస్ మెసేజ్ ఐడీ వాడకండి, రెండోసారి వేస్తే కొత్త ఐడీ వస్తుంది. ఉత్త ఆర్డర్ నంబరూ చాలదు, అదే ఆర్డర్ రద్దు మెసేజ్‌ను డూప్లికేట్ అనుకుని పారేస్తుంది. ఆర్డర్ నంబర్, ఈవెంట్ రకం కలిపితే ఈ రూట్‌కు సరిపోతుంది. చూసిన కీలను దాచే చోటు రిపాజిటరీ; మెమరీ రిపాజిటరీ పరీక్షలకే. రీస్టార్ట్ చేస్తే కీలన్నీ పోతాయి, అసలు పనికి జేడీబీసీ రిపాజిటరీ (కీలను డేటాబేస్‌లో దాచేది) పెట్టండి.

టైమౌట్ డూప్లికేట్‌ను ఆపగలిగేది అవతలి సిస్టమే. అదే కీని హెడర్‌లో పంపండి, ఇన్‌వాయిస్ టేబుల్‌లో ఆ కాలమ్‌కు యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండోసారి పడకుండా ఆపేది) వేయండి.

అభ్యాసం: ముందు యూనిక్ ఇండెక్స్ లేకుండా, బిల్లింగ్ కోడ్‌లో కమిట్ తరువాత 40 సెకన్ల స్లీప్ పెట్టి ఒక్క ఆర్డర్ పంపండి. టేబుల్‌లో 6 వరుసలు కనిపించాలి: మొదటిది, 5 రీట్రైలు. ఇండెక్స్ వేశాక 1 వరుసే మిగలాలి. కీ అప్పటికే ఉంటే స్లీప్ దాకా వెళ్ళకుండా పాత ఇన్‌వాయిస్ నంబరుతో వెంటనే 200 ఇవ్వండి. 409 ఇస్తే, పని పూర్తయిన ఆర్డర్ కూడా డెడ్ లెటర్ క్యూలో తేలుతుంది.